పది–పదకొండు పానా

ఆదివారం. పొద్దున ఏడింటికే ఎండ చుర్రుమంటోంది. పెరట్లో నీళ్ల మోటారు రెండు రోజులుగా గరగరలాడుతోందని విప్పుకుని కూర్చున్నాను. బేరింగు పోయిందేమోనని భయపడ్డాను గానీ, ఫ్యాను కవరు వదులై తగులుతోంది, అంతే. బిగిద్దామని పనిముట్ల సంచి విప్పితే పది–పదకొండు పానా లేదు.

"పక్కింట్లో అడిగి తెచ్చుకోరాదూ, ఒంగోలు మొత్తంలో మీ దగ్గరే ఉందా పానా?" అంది మా ఆవిడ. తెచ్చుకోవచ్చు. కానీ నా పానా యాడికి పోయిందో తేలకుండా ఆ మోటారు మూత బిగించడం నా వల్ల కాదు. ఇరవై రెండేళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసినవాడికి పట్టిన జబ్బు ఇది. అక్కడ ప్రతి పనిముట్టుకీ బోర్డు మీద దాని ఆకారమే గీసి ఉంటుంది. పని అయ్యాక ఒక్క బొమ్మ ఖాళీగా కనిపించినా విమానం కదలదు. అర్ధరాత్రి అయినా సరే, టార్చిలైట్లు పట్టుకుని అందరం వెతకాల్సిందే. మేం చూసుకునే మిగ్-21 యుద్ధవిమానానికి గాలి పీల్చే నోరు ముక్కు దగ్గరే ఉంటుంది. చిన్న నట్టు లోపలికి పోయినా కంప్రెసర్ బ్లేడ్లు పాడవుతాయి. కాక్‌పిట్‌లో మర్చిపోయిన స్క్రూడ్రైవర్ విమానం తలకిందులైనప్పుడు ఎక్కడ ఇరుక్కుంటుందో ఎవడికి తెలుసు?

మోటారు అలాగే వదిలేసి గంటసేపు వెతికాను. చివరికి మనవడి గదిలో దొరికింది.

మా అమ్మాయి కొడుకు. ఎంసెట్ రాసి సెలవులకి వచ్చాడు. బట్టల కన్నా వైర్లు ఎక్కువ తెచ్చాడు. జాయ్‌స్టిక్‌ని బల్లకి బోల్టులతో బిగించుకోడానికి నా పానా తీసుకుని, అక్కడే కింద పడేశాడు. తిడదామని నోరు తెరిచి స్క్రీన్ వైపు చూశాను. తిట్టు నోట్లోనే ఆగిపోయింది. ఆకుపచ్చకీ నీలానికీ మధ్య రంగు ప్యానెళ్లు, వాటి నిండా రష్యన్ అక్షరాలు. మిగ్-21లో బిస్ అనే రకం, దాని కాక్‌పిట్.

"కూర్చో తాతయ్యా, ఇది నీ బండే" అన్నాడు. డీసీఎస్ అట, కంప్యూటర్లోనే విమానం నడిపే సిమ్యులేటర్.

మౌస్ పట్టుకోవడం నాకు అంతగా రాదు. అయినా చేతికి దారి తెలుసు. కుడివైపు గోడ మీద బ్యాటరీ, పంపులు, ఎడమవైపు స్టార్టు బటన్, తర్వాత థ్రాటిల్. గ్రౌండ్ రన్ అంటే మేమే కూర్చుని ఇంజిన్ నడిపేవాళ్లం కదా. ఆర్‌పీఎం సూది లేస్తుంటే కళ్లు వాటంతటవే టెంపరేచర్ గేజీ మీదికి పోయాయి. వాడు నోరెళ్లబెట్టాడు. ఇదంతా నేర్చుకోడానికి వాడికి వారం పట్టిందట. వారమంటే తక్కువేమీ కాదు, తాంబరంలో నేను ఇంజిన్లు నేర్చుకున్న రోజులు తల్చుకుంటే వాడికే దండం పెట్టాలి. దీన్ని ఆట అని కొట్టిపారేసే మనిషిని కాను నేను. ఏ గేజీ ఏం చెబుతుందో వాడికి బాగా తెలుసు. తెలియనిది ఏటీఎఫ్, అంటే విమాన ఇంధనం వాసన, లాకింగ్ వైర్ గుచ్చుకున్న వేళ్లు, మే నెల సూరత్‌గఢ్‌లో ముట్టుకోగానే చుర్రుమనే రేకు.

స్టార్టింగ్ వరకే నా ప్రతాపం. రీహీట్ వేసి, అంటే ఇంజిన్ వెనక ఇంకాస్త ఇంధనం మండించి, ఎలాగో పైకి లేచాను. దిగేటప్పుడు వేగం ఎక్కువైందని థ్రాటిల్ లాగేశాను. రాయిలా పడింది. నవ్వొచ్చే సంగతేంటంటే, ఎందుకు పడుతుందో నాకు బాగా తెలుసు. దిగేటప్పుడు బిస్‌లో రెక్కల వెనక కిందికి వంగే ఫ్లాపుల మీదికి ఇంజిన్ గాలినే ఊదుతారు. ఇంజిన్ తగ్గిస్తే ఆ ఊదుడూ తగ్గుతుంది, రెక్క పట్టు వదిలేస్తుంది. ఆ గొట్టాలు నా చేతులతో బిగించినవాడిని. తెలిసీ లాగాను.

"పర్లేదు తాతయ్యా, మొదట్లో అందరికీ అంతే" అని వాడు ఏదో నొక్కాడు. రన్‌వే మీద కొత్త విమానం వచ్చి నిలబడింది.

తర్వాత వాడు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. రెక్కకి ఏదో తగిలి చిల్లుపడితే దింపి, ఇంజిన్ ఆపి, గ్రౌండ్ క్రూ మెనూలో రిపేరు అడిగాడు. మూడు నిమిషాలు! వాడు ఆలోపు లేచి మజ్జిగ తాగొచ్చాడు. నేను ఆ మూడు నిమిషాలూ స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాను, ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు. బాగైపోయింది. మిగ్-21 ఇంజిన్ తీయాలంటే విమానాన్ని నడుముకాడ విడదీసి, వెనక సగాన్ని ట్రాలీ మీద వెనక్కి లాగాలిరా అంటే, "నిజంగా రెండు ముక్కలు చేస్తారా?" అని అడిగాడు. చేస్తాం. మళ్లీ కలుపుతాం. కలిపాక గ్రౌండ్ రన్, ఆపైన విమానం రికార్డు పుస్తకం, ఫామ్ 700లో సంతకం. ఆ సంతకం తర్వాతే పైలట్ సంతకం. నా పేరు కింద ఆయన పేరు, దాని అర్థం మా ఇద్దరికీ తెలుసు.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకి వీడ్కోలు చెప్పారు. 1963లో వచ్చిన విమానం. టీవీలో పైలట్లు మాట్లాడుతుంటే వెనకాల నీలం ఓవరాల్స్‌లో నిలబడ్డ కుర్రాళ్లనే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ టీ చల్లారిపోయిందని అరిచింది. 2024 మార్చి 18న మేదరమెట్ల దగ్గర హైవే మీద రన్‌వే ట్రయల్ జరిగినప్పుడూ ఇంతే. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సిమెంటు రోడ్డు అది. సుఖోయ్, హాక్ జెట్లు దిగినట్టే దిగి లేచిపోయాయి. రవాణా విమానాలు ఏఎన్-32, డోర్నియర్ మాత్రం నిజంగా దిగాయి. జనమంతా సుఖోయ్ చప్పుడుకి కేకలు పెడుతుంటే నాకు ఒకటే ఆలోచన: గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు కదా, పొద్దున్నే ఈ రాళ్లన్నీ ఏరింది ఎవరా అని.

మధ్యాహ్నం కొత్తపట్నం చేపల పులుసు తిన్నాక వాడే అడిగాడు, "విమానం వెళ్లిపోయాక మీరేం చేసేవాళ్లు?" అని.

నిచ్చెనెక్కి పైలట్‌కి బెల్టులు బిగిస్తాం. ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే సీటుకి ఉండే సేఫ్టీ పిన్నులు తీసి, ఎన్ని తీశామో ఆయనకి చూపిస్తాం. ఆయన లెక్కపెట్టి తలూపుతాడు. తర్వాత చక్రాల కింద అడ్డం పెట్టిన చోక్స్ లాగేస్తాం, సెల్యూట్ కొడతాం. ఆపైన, ఏమీ లేదు. చెట్టు నీడన కూర్చుని పేకాడుతున్నట్టే ఉంటాం గానీ చెవి మాత్రం ఆకాశంలో ఉంటుంది. ఒకసారి నాలుగు వెళ్లి మూడే వచ్చాయి. రానిది నేను సంతకం పెట్టింది. నలభై నిమిషాల తర్వాత ఫోనొచ్చింది, ఇంధనం తక్కువై ఇంకో బేస్‌లో దిగిందని. ఆ నలభై నిమిషాలూ పొద్దున చేసిన పనంతా ఒక్కో నట్టే మనసులో మళ్లీ బిగించాను. పేకముక్కలు చేతిలో అలాగే ఉన్నాయి, ఎవరి వంతో ఎవరూ అడగలేదు.

మనవడు ఏమీ అనలేదు. కాసేపాగి లేచి, పానా తీసుకెళ్లి సంచిలో దాని అరలో పెట్టి వచ్చాడు. ఆ తర్వాత మోటారు బిగించాను. ఇప్పుడు చప్పుడు లేదు.

రాత్రి పదింటికి పడుకున్నాను. పక్క గదిలో వాడు మళ్లీ ఎగిరాడు. "సౌండు తగ్గించరా, తాతయ్య పడుకున్నాడు" అని వాళ్ల అమ్మమ్మ కేకేస్తే, ఉండనీమన్నాను. పదకొండు దాటింది. ఇంజిన్ చప్పుడు తగ్గడం, చక్రాలు నేలని తాకడం, పూర్తిగా ఆగిపోవడం అన్నీ విన్నాక అటు తిరిగి పడుకున్నాను.