గీత పడితే లేనట్టు

నా డిశ్చార్జి కాగితాల్లో ఇప్పటికీ ఒక వాక్యం ఉంది: "మూత్ర పరీక్షలో యాంఫెటమైన్ పాజిటివ్." నేను జీవితంలో యాంఫెటమైన్ అనే ఆ ఉత్తేజపు మత్తుమందు ముట్టలేదు. ఏడాదిన్నర పాటు రోజూ మింగినదాని పేరు మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఏడు నెలలు గడిచాయి కాబట్టి ఈ మాట కాస్త నిదానంగా రాయగలుగుతున్నాను. ఆ వారంలో అయితే ఆ కాగితాన్ని ఉండచుట్టి డ్యూటీ డాక్టరు మొహాన కొట్టాలనిపించింది.

మొదలు చాలా మామూలుది. నడుములో డిస్కు జారింది, ఆపరేషన్ చేశారు, నొప్పికి ట్రమడాల్ రాశారు. ఆపరేషన్ గురించి చెప్పడానికేమీ లేదు, బాగానే చేశారు. పది రోజులకు రాసిన మాత్రలు అయిపోయేసరికి నొప్పి చాలావరకు తగ్గింది కానీ, సాయంత్రమయ్యేసరికి ఒంట్లో ఏదో వెలితి. మాత్ర వేసుకున్న గంటకు ఒళ్లంతా వెచ్చబడి, లోకం మీద కోపమంతా పోయేది. నొప్పి లేని రోజున కూడా ఉందని నాకు నేనే చెప్పుకోవడం అప్పుడే మొదలైంది. పెద్దవాళ్లు దీన్ని రోజుకు 400 మిల్లీగ్రాములు మించి వేసుకోకూడదు. నేను ఆ హద్దు ఎప్పుడు దాటానో నాకే గుర్తులేదు. పాత చీటీ మడతల దగ్గర చిరిగిపోయేదాకా దాన్నే చూపించి కొన్నాను. ఖాళీ అట్టలను చప్పుడు కాకుండా మడిచి, వాడని బూట్లలో కుక్కేవాడిని.

ఇంత చేస్తూ కూడా "మత్తుమందు" అన్న మాట నాకు తగులుతుందని ఒక్కనాడూ అనుకోలేదు. మనకు మందు అంటే రోగం తగ్గించేదీ, తాగి తూలేదీ, పురుగులను చంపేదీ కూడా. నేను మొదటి అర్థాన్ని పట్టుకుని వేలాడుతున్నాను. చీటీ మీద రాసిచ్చినది మత్తుమందు ఎలా అవుతుంది?

ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాను. మూడు రోజులుగా జలుబు, ముక్కు దిబ్బడకు మాత్రలు వేసుకుంటున్నాను. నురగ సగం బుగ్గ మీదే ఉంది. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఆసుపత్రి పైకప్పులోని తెల్లటి దీపాలు, నోట్లో నెత్తురు రుచి. నాలుక కొరుక్కున్నాను. మూర్ఛ వచ్చిందన్నారు. రక్తం తీశారు, తలకు స్కానింగు చేశారు, అందులో ఏమీ లేదన్నారు. మూత్రాన్ని ఒక స్ట్రిప్పు మీద పరీక్షించారు.

డ్యూటీ డాక్టరు నా మంచం దగ్గరికి రాలేదు. తెర అవతల నా భార్యతో మాట్లాడుతున్నాడు. "పరీక్షలో బయటపడిందమ్మా. మీ ఆయన బయట ఏమేం వాడుతున్నారో మీకు తెలియకపోవచ్చు. ఇలాంటివాళ్లను మేము రోజూ చూస్తుంటాం."

ఇలాంటివాళ్లు. తెర పలచనిది. ఆ గదిలో ఉన్న మరో నలుగురు రోగులూ, వాళ్ల మనుషులూ విన్నారు.

ఆమె లోపలికొచ్చి, "నాతో నిజం చెప్పండి. మీరేమైనా వాడుతున్నారా?" అని అడిగింది. "నేనేమీ వాడటం లేదు" అన్నాను. యాంఫెటమైన్ వరకు అది నిజమే. ఆ నిజం చాటున అసలు సంగతి హాయిగా దాచేశాను. డాక్టరు మీద కోపం వచ్చిన ప్రతిసారీ నా ఈ జవాబు కూడా గుర్తొస్తుంది, కోపం సగంలో ఆగిపోతుంది.

రాత్రి పదకొండు దాటాక మళ్లీ మూర్ఛ. దాన్ని ఆపడానికి లొరాజిపామ్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఆగకపోతే మరోసారి ఇచ్చారు. తర్వాతి కథ నాకు తెలియదు, నా భార్య చెప్పినదే రాస్తున్నాను. రెండు గంటల వేళ నా గురక ఆగిపోయిందట. నిద్ర పట్టిందనుకుని ముందు సంతోషించిందట. తర్వాత నా ఛాతీ మీద చెయ్యి వేసి చూసి, ఊపిరికీ ఊపిరికీ మధ్య లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకసారి ఎనిమిది వచ్చింది. తర్వాత పదకొండు. పద్నాలుగు అన్నప్పుడు మానిటరు కూయడం మొదలైంది. దాని మీద ఆక్సిజన్ అంకె 81. ఒక పెద్ద వయసు నర్సు పరుగున వచ్చి, నా రెండు భుజాలూ పట్టుకుని ఊపుతూ, "పీల్చు బాబూ, ఊపిరి పీల్చు" అని అరిచిందట. ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టి, తెల్లారేదాకా గంటకు నాలుగైదుసార్లు వచ్చి లేపింది. నా భార్య ఇప్పటికీ కొన్ని రాత్రులు నా ఛాతీ మీద చెయ్యి వేసి లెక్కపెడుతుంది. నేను నిద్రపోతున్నట్టు పడుకుంటాను.

ట్రమడాల్ నల్లమందు జాతి మందు. మోతాదు మించితే మూర్ఛ తెప్పించగలదు, మెదడులో ఊపిరిని నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తుంది. లొరాజిపామ్ కూడా ఆ దిక్కుకే తోస్తుంది. రెండూ కలిస్తే మనిషి చప్పుడు లేకుండా పోతాడు. దానికి సారాయి కూడా తోడైతే చెప్పనే అక్కర్లేదు. నేను మింగినదేమిటో తెలిసినా మూర్ఛ ఆపడానికి అదే ఇంజెక్షన్ ఇచ్చేవారట. కానీ ఊపిరిని కనిపెట్టుకుని ఎవరో ఒకరు పక్కనే ఉండేవారు.

తెల్లవారాక ఆ నర్సు డ్యూటీ దిగే ముందు వచ్చి కూర్చుంది. "ఏం వాడుతున్నావు" అని అడగలేదు. "నొప్పులకి ఏం వేసుకుంటున్నావు బాబూ?" అంది. నేను వాడేవాడిని కాదు, వేసుకునేవాడిని. ఆ ఒక్క క్రియాపదం మారేసరికి ఏడుపొచ్చేసింది. మొత్తం చెప్పాను, బూట్ల సంగతితో సహా. ముక్కు దిబ్బడ మాత్రల గురించి కూడా ఆవిడే అడిగింది.

తర్వాత ఒక వాడని స్ట్రిప్పు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. వేలెడంత ప్లాస్టిక్ ముక్క, అయిదు సన్నని కిటికీలు, ఒక్కొక్కటీ ఒక్కో మందుకు. ఇక్కడ గీత పడితే మందు లేనట్టు, పడకపోతే ఉన్నట్టు. పక్కన ఉండే మరో గీత స్ట్రిప్పు పనిచేసిందని చెప్పడానికి మాత్రమే. నేను తిరగేసి అనుకున్నాను, చాలామంది అలాగే అనుకుంటారట. స్ట్రిప్పులోని యాంటీబాడీలు మందు ఆకారాన్ని బట్టి పట్టుకుంటాయి. దిబ్బడ మాత్రలోని సూడోఎఫెడ్రిన్ ఆకారంలో యాంఫెటమైన్‌కు దగ్గర చుట్టం. దాన్ని చూసి ఇదే దొంగ అనుకున్నాయి. నల్లమందు కిటికీలో వెతికేది మార్ఫిన్‌ను, కోడీన్‌ను. నా ట్రమడాల్ ఆ ఆకారంలో ఉండదు కాబట్టి వాటి ముందునుంచే నడుచుకుంటూ పోయింది. మార్ఫిన్ కంటే ఎన్నో రెట్లు బలమైన ఫెంటనిల్ కూడా అంతే, దానికి వేరే పరీక్ష అడగాలి. నిద్రకు వేసుకునే క్లొనజిపామ్‌ను కూడా చాలా స్ట్రిప్పులు వదిలేస్తాయి.

స్ట్రిప్పు పని అనుమానించడం వరకే. అణువును తూచి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్ష దాని వెనక రావాలి. అది అడగమని నర్సు చెబితేనే మాకు తెలిసింది. నాలుగు రోజులకు ఫలితం వచ్చింది: యాంఫెటమైన్ లేదు, సూడోఎఫెడ్రిన్ ఉంది, ట్రమడాల్ ఉంది, శరీరం దాన్ని విరిచి తయారుచేసిన పదార్థమూ ఉంది. ఆ చివరిది మింగినవాడి మూత్రంలోనే ఉంటుంది, కాబట్టి తప్పించుకునే దారి లేదు.

మాన్పించడం ఒక్కసారిగా చేయలేదు. ఏడు వారాల పాటు మోతాదు తగ్గిస్తూ వచ్చారు. ఆ వారాల గురించి తక్కువే రాస్తాను. చెమటలు, ఆవలింతలు, విరేచనాలు, కాళ్లు తమంతట తామే తన్నుకోవడం, కళ్లు పక్కకు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టుండటం. మూడో వారంలో దేవుడితో బేరాలు మొదలుపెట్టాను, ఆయన ఏ బేరానికీ ఒప్పుకోలేదు. అయినా పడుకునే ముందు దణ్ణం పెట్టుకోవడం మాత్రం అప్పటినుంచి అలవాటైంది, ఆ అలవాటును మానదలచుకోలేదు.

మత్తు మాన్పించే కేంద్రం వరండాలో ఒక కుర్రాడు పరిచయమయ్యాడు. గంజాయి మానేసి మూడు వారాలైనా మూత్రంలో వస్తోందని, ఇంట్లో ఎవరూ నమ్మడం లేదని వాపోయేవాడు. గంజాయి కొవ్వులో దాగుతుంది. రోజూ తాగినవాడిలో నెల దాటినా కనబడుతుంది. అతని పక్కన కూర్చునే పెద్దాయనకు కొకైన్. అది రెండు మూడు రోజుల్లో పోతుంది కాబట్టి ఆయన కాగితం ఎప్పుడూ శుభ్రమే, ఆయన మాత్రం కాదు. ఇద్దరి ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు మానారో తలకిందులుగా తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండును. ఇంకొకటి కూడా, ఇది నన్ను గట్టిగా కూర్చోబెట్టి చెప్పారు: కొన్నాళ్లు మానినవాడి శరీరం పాత మోతాదును మరిచిపోతుంది. అలవాటుగా పాత లెక్కే వేసుకుంటే అదే ప్రాణం తీస్తుంది. చాలా చావులు మానేసిన తర్వాతే జరుగుతాయి.

ఆసుపత్రికి వెళ్లి ఆ వాక్యం తీసేయమని అడిగాను. ఒకసారి రాసినది తీయరట, రెండో పరీక్ష ఫలితాన్ని వెనక పిన్ను చేసి ఇచ్చారు. డ్యూటీ డాక్టరు వరండాలో ఎదురయ్యాడు, నన్ను గుర్తుపట్టలేదు. నర్సు కోసం అడిగితే సెలవులో ఉందన్నారు.

పోయిన వారం పన్ను పీకించుకున్నాను. దంతవైద్యుడు చీటీ రాస్తుంటే, పక్కన నా భార్య ఉండగానే, "ట్రమడాల్ రాయకండి డాక్టరుగారూ, నేను దానికి అలవాటుపడి బయటపడినవాడిని" అన్నాను. గొంతు ఎండిపోయింది. ఆయన కలం ఆపి, "ఎన్నాళ్లయింది?" అన్నాడు. చెప్పాను. ఒక పంక్తి కొట్టేసి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ రాశాడు. నేను చెయ్యి చాపేలోపే నా భార్య చీటీ అందుకుంది. కొట్టేసిన పంక్తిని వెలుతురుకు పట్టి చూసి, మడిచి తన సంచిలో పెట్టుకుంది.