అప్పన్న కొండ చుట్టూ నడుస్తుంటే గుర్తొచ్చిన ఇద్దరు అమ్మలు

సింహాచలం అప్పన్న (వరాహ లక్ష్మీనరసింహ స్వామి) గిరి ప్రదక్షిణ గురించి వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేసి మళ్ళీ నడక. నేను మా పిన్నితో వెళ్ళా. చెప్పుల్లేకుండానే నడుస్తానని పట్టుబట్టింది, ముడసర్లోవ దాటేసరికే అరికాళ్ళు ఎర్రగా కందిపోయాయి, కాసేపు ఆగుదామంటే "మొక్కు నాది, నువ్వు నీళ్ళ బాటిల్ పట్టుకురా చాలు" అంది. ఎటు చూసినా ఆడవాళ్ళే, చంకలో పిల్లల్తో కూడా గోవింద కొడుతూ నడిచేస్తున్నారు.

ఇసుకతోట వచ్చేసరికి బాగా రాత్రయింది, మజ్జిగ ఇచ్చే టెంట్ పక్కన కూలబడ్డాం. అక్కడికి ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ) దగ్గరే కదా, నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు గుర్తొచ్చి పిన్నికి చెప్పడం మొదలుపెట్టా. 1909లో రాజమండ్రిలో పుట్టారు, ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసేస్తే ఊహ తెలిశాక ఆ పెళ్ళి నాకొద్దని బయటికొచ్చేశారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు, ఆ తర్వాత పుస్తకాలు పట్టుకుని మెట్రిక్ రాసి ఏయూలో బీఏ చేశారు. అప్పట్లో ఆడపిల్లలకి హాస్టల్ లేదంటే తనలాంటి అమ్మాయిల్ని కూడగట్టుకుని హాస్టల్ నడిపారు. ఆపైన లా చదివి రాజ్యాంగ సభకి వెళ్ళారు, మొత్తం సభలో ఆడవాళ్ళు 15 మందే, అందులో మన తెలుగావిడ!

"జైలుకెళ్ళొచ్చి మళ్ళీ చదువుకుందా?" అంది పిన్ని. పిన్నిని ఏడో క్లాసులో మాన్పించేశారు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. మధ్యలో చదువాగిపోయిన ఆడవాళ్ళు త్వరగా మెట్రిక్ పాసయ్యేలా దుర్గాబాయి గారు తాను పెట్టిన ఆంధ్ర మహిళా సభలో చదువు చెప్పించారని, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి చైర్మన్ అయ్యాక అలాంటి కోర్సులు దేశమంతా వచ్చాయని చెప్తే, మజ్జిగ గ్లాసు అలాగే పట్టుకుని వింది.

సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం, ఇక కాళ్ళు మనవి కావు, తెల్లారేసరికి మళ్ళీ కొండ దగ్గర ఉన్నాం. పైన గుడిలో రాళ్ళ మీద చాలా శాసనాలున్నాయి, 1098 నాటి కులోత్తుంగ చోళుడి దగ్గర్నుంచి. నాకు వాటిలో బాగా ఇష్టమైంది 12వ శతాబ్దం నాటిది, వెలనాటి మూడో గొంకరాజు రాణి స్వామి విగ్రహానికి బంగారు తొడుగు చేయించిన సంగతి చెప్పేది. 1516లో కృష్ణదేవరాయలు వచ్చారని గైడ్లందరూ చెప్తారు, ఆయన కంటే మూడు వందల ఏళ్ళకి పైగా ముందే ఇంత కానుక ఇచ్చిన రాణమ్మ సంగతి కూడా గట్టిగా చెప్పాలి కదా. అంత భక్తిగా ఆవిడ బంగారంతో కప్పిన స్వామిని మనం ఏడాదంతా చందనంలోనే చూస్తాం, వైశాఖంలో చందనోత్సవం నాడు మాత్రమే నిజరూపం. దర్శనం చేసుకుంటూ రాణమ్మ పేరున కూడా ఒక దణ్ణం పెట్టుకున్నా.

దుర్గాబాయి గారి పుట్టినరోజు జూలై 15, ప్రదక్షిణ కూడా ఎక్కువగా జూలైలోనే వస్తుంది. అందుకే వచ్చే ఏడు ఇసుకతోటలో మేమే ఒక మజ్జిగ టెంట్ వేసి, ఆవిడ ఫోటో పెట్టి, కింద ఆవిడ కథ తెలుగులో పెద్దక్షరాల్లో రాయించాలనుకుంటున్నాం. పిన్ని తన పెన్షన్ డబ్బులోంచి వేస్తానంది, హాస్టల్ సంగతి మాత్రం తప్పకుండా రాయించమంది.