నీడ గడియారం, నాలుగో పలక: మార్చిలో కుదిరింది, జూన్‌లో తప్పింది

గోడకు తగిలించిన నా నీడ గడియారపు పలకలో మూడు నెలలుగా నాకు తెలియకుండా దాగి ఉన్న పొరపాటు ఎక్కడుందో ఈ వారం దొరికింది. ఆ సంతోషం చల్లారకముందే అంకెలతో సహా రాసిపెట్టుకుంటున్నాను.

సున్నపు పూత ఈసారి ఒక్క పగులు కూడా లేకుండా ఆరింది. రంగులు నిలిచాయి. గంటల గీతలు శుభ్రంగా వచ్చాయి. వాటి గురించి చెప్పవలసింది ఇంతే.

పలక వెడల్పు 100 సెంటీమీటర్లు, ఎత్తు 80. శంకువు, అంటే నీడను వేసే కడ్డీ, 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ, పొడవు 40 సెంటీమీటర్లు. నేనుంటున్న ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల ఊరు బ్రియాన్సోన్ అక్షాంశం 44.9 డిగ్రీలకు లెక్క కట్టి గీసిన పలక ఇది. మా అద్దె ఇంటి గోడ దాదాపు నేరుగా దక్షిణానికి తిరిగి ఉంది, తేడా ఒక డిగ్రీ లోపే. కోట లోపలి పాత ఊరు 2008 నుంచి ఫ్రెంచి సైనిక ఇంజనీరు వోబాన్ కట్టించిన కోటలతో పాటు యునెస్కో జాబితాలో ఉంది కనుక, ఇక్కడి గోడ మీద నేరుగా రంగు వేయాలంటే అనుమతులు కావాలి. అందుకే నా ప్రయోగాలన్నీ తగిలించే పలకల మీదనే సాగుతున్నాయి.

మార్చి 21న పలకను బిగించి, ఉదయం నుంచి సాయంత్రం దాకా అరగంటకొకసారి చూశాను. ఈ ఊరి రేఖాంశం తూర్పు 6.64 డిగ్రీలు కాబట్టి, చలికాలపు గడియారం కంటే సూర్యుడు 33 నిమిషాలు వెనుక ఉంటాడు. ఆ రోజు కాల సమీకరణం (ఏడాదిలో రోజును బట్టి సూర్యుడు గడియారానికి ముందు వెనుకలయ్యే తేడా) వల్ల మరో ఏడున్నర నిమిషాలు కలిశాయి. ఆ రెండింటినీ సవరించి చూస్తే రోజంతా ఎక్కడా నిమిషానికి మించిన తేడా రాలేదు. సూర్యబింబం వెడల్పే రెండు నిమిషాల నడకకు సమానం కాబట్టి నీడ అంచు ఎప్పుడూ కొంత మసకగానే ఉంటుంది. అంతకంటే నిక్కచ్చిగా చదవలేమని తృప్తి పడి, పని పూర్తయిందని రాసుకున్నాను.

జూన్ 17, 18, 19 తేదీల్లో ఆకాశం నిర్మలంగా ఉండటంతో మళ్ళీ కొలిచాను. సూర్యకాలం 8 గంటలకు, అంటే చేతి గడియారంలో సుమారు 9:35కు (వేసవిలో ఇక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు), పలక 2 నిమిషాల 40 సెకన్లు ముందుంది. 10 గంటలకు ఒకటిన్నర నిమిషం ముందుంది. మిట్టమధ్యాహ్నం సరిగ్గా సరిపోయింది. 2 గంటలకు ఒకటిన్నర నిమిషం వెనుకబడింది, 4 గంటలకు మళ్ళీ 2 నిమిషాల 40 సెకన్లు వెనుకబడింది. మూడు రోజులూ పది, పదిహేను సెకన్ల తేడాతో ఇదే వరుస. శంకువు మొదలు నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, 4 గంటల గీత దగ్గర ఒక నిమిషం అంటే 2.2 మిల్లీమీటర్లు. కనుక నీడ గీతకు 6 మిల్లీమీటర్లు ఎడంగా పడుతోంది. అది చూసే కన్ను చేసిన తప్పు కాదు.

మొదట గోడ దిక్కును తప్పుగా కొలిచానేమోనని అనుమానించాను. అయితే పలక పక్కకు తిరిగి ఉంటే, తప్పు పొద్దున్నా సాయంత్రమూ ఒకే వైపుకు ఉండాలి, మధ్యాహ్నం కూడా కనిపించాలి. ఇక్కడ మధ్యాహ్నం సున్నా, రెండు పక్కలా ఎదురెదురు గుర్తులు. తరువాత కడ్డీ వంగిందేమోనని బిగుతుగా దారం లాగి చూస్తే, కొన దగ్గర ఒక మిల్లీమీటరు వంపు ఉంది. అది డిగ్రీలో ఏడో వంతు మాత్రమే, ఇంత తేడా తేలేదు. గీతలు తప్పు గీశానేమోనని రాత్రి రెండు గంటల దాకా కూర్చుని లెక్కంతా మళ్ళీ వేశాను. లెక్కలో దోషం లేదు.

దారి చూపింది మార్చి నాటి ఆ చక్కని ఫలితమే. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజున సూర్యుడి క్రాంతి, అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి సూర్యుడి దూరం, సున్నా కాబట్టి, పలక ముందుకో వెనక్కో కొద్దిగా వాలినా ఆ తప్పు నీడలో బయటపడదు. క్రాంతి 23 డిగ్రీలు దాటే జూన్‌లో అది పూర్తిగా కనిపిస్తుంది. అంటే నేను పరీక్షకు ఎంచుకున్న రోజే ఈ దోషాన్ని దాచిపెట్టే రోజు. ఇది అర్థమైన క్షణంలో నిజంగా ఒళ్ళు పులకరించింది.

వెంటనే పలక పై అంచు నుంచి దారానికి తూకపు గుండు కట్టి వేలాడదీశాను. కింది అంచు దారం కంటే 2.5 సెంటీమీటర్లు ముందుకు పొడుచుకు వచ్చింది. 80 సెంటీమీటర్ల ఎత్తుకు అది 1.79 డిగ్రీల వాలు. పాత రాతి ఇళ్ళ గోడలు పైకి పోయేకొద్దీ వెనక్కి వాలి ఉంటాయని ఇంటి యజమానురాలు మొదటి రోజే చెప్పారు. నేనూ చెక్క ముక్కలు దోపి సరిచేశాననే అనుకున్నాను. సరిచూసినది మాత్రం ఫోనులోని మట్టంతో. ఫోను వెనుక కెమెరా 4 మిల్లీమీటర్లు ఉబ్బెత్తుగా ఉంది, కింది అంచు నుంచి దానికి దూరం 13 సెంటీమీటర్లు. భాగించి చూస్తే 1.76 డిగ్రీలు! ఫోను నిటారుగా నిలిచింది, దాని వెనుక పలక వెనక్కి వాలింది. అలా వాలిన నా శంకువు 44.9కు బదులు 43.1 డిగ్రీల ఎత్తుకు గురిపెట్టి ఉంది, అది మధ్యధరా తీరంలోని తూలోన్ అక్షాంశం. ఇదే వాలుతో తీసుకెళ్ళి అక్కడ తగిలిస్తే సూర్యకాలాన్ని సరిగ్గా చెప్పేది.

పై అంచు వెనుక 25 మిల్లీమీటర్ల లార్చి చెక్క బద్దలు రెండు దోపి, తూకపు గుండుతోనే సరిచూసి మళ్ళీ బిగించాను. 26, 27 తేదీల్లో పొద్దున్నా సాయంత్రమూ తేడా 40 సెకన్ల లోపే ఉంది. ఇకపై ఫోను మట్టాన్ని ఈ పనికి వాడను. తూకపు గుండును మించింది లేదు, రసమట్టమే కావాలంటే స్టబిలా కంపెనీది నమ్మదగినది. ఎండలో లేజరు మట్టం గీసే గీత కనిపించదు కాబట్టి దాని మీద డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం.

27 సాయంత్రం ఆ ఉత్సాహంలోనే పాత ఊరిలోని ప్లాస్ దార్మ్ కూడలి దాకా నడిచి, అక్కడి పాత నీడ గడియారాలను చాలాసేపు చూసి, ద్యురాన్స్ నది మీది అస్ఫెల్డ్ వంతెన వరకు వెళ్ళి వచ్చాను. చిన్నప్పుడు అన్నవరం కొండ మీది నీడ గడియారం దగ్గర నిలబడి నాన్నగారి చేతి గడియారంతో పోల్చి చూసిన రోజు నుంచి నాకు ఈ పిచ్చి ఉంది. ఈ లోయల్లో అది రెట్టింపు కావడానికి కారణం జర్బులా. ఊరూరా తిరుగుతూ 1833 నుంచి 1881 దాకా, బ్రియాన్సోన్ చుట్టుపక్కలా కేరా లోయలోనూ దాదాపు వంద నీడ గడియారాలను ఇళ్ళ గోడల మీద, చర్చిల మీద చిత్రించి, జెడ్.జి.ఎఫ్. అని సంతకం చేసిన మనిషి ఆయన. తడి సున్నం మీదనే రంగు వేసేవాడు. ఆయన గీసిన పక్షులూ పూలూ కొన్ని గోడల మీద ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

ఐదో పలకకు పద్ధతి మారుస్తున్నాను. ముందుగా శంకువును ధ్రువం వైపుకు బిగించి, 15 డిగ్రీల చొప్పున విభజించిన గుండ్రని అట్టను దానికి అడ్డంగా గుచ్చి, ఆ విభజనల నుంచే గీతలను పలక మీదకు దించుతాను. ఇలా చేస్తే పలక ఎటు వాలినా నష్టం లేదు, శంకువు ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు. సున్నం విషయంలో సెంటాస్టియే కంపెనీ వారి హైడ్రాలిక్ సున్నం (నీటితో కలిసి గట్టిపడే రకం) అడుగు పూతకు చాలా బాగుంది. కాని రంగు వేసే పై పూతకు అది త్వరగా గట్టిపడుతుంది కనుక, నీళ్ళలో నానిన పాత సున్నపు ముద్దనే వాడతాను.

జూలై రెండో వారంలో 2,360 మీటర్ల ఇజోవార్ కనుమ మీదుగా సైకిలుపై కేరాకు దిగి, 2,040 మీటర్ల ఎత్తున ఉన్న సాన్ వెరాన్‌లో జర్బులా గడియారాలను చూడాలని ఉంది. సంచిలో తూకపు గుండు కూడా ఉంటుంది. గోడల యజమానులు ఒప్పుకుంటే, ఆయన రంగు వేసిన గోడలు ఎన్ని డిగ్రీలు వాలి ఉన్నాయో కొలిచి వస్తాను.