చిట్టెలుకల్లో ఒత్తిడి హార్మోన్ కొలిచిన నా అనుభవం

పీహెచ్‌డీలో నాకొచ్చిన పని వినడానికి తేలిగ్గానే ఉంటుంది. సీఆర్‌హెచ్‌ఆర్‌1 జన్యువు తీసేసిన చిట్టెలుకల రక్తంలో కార్టికోస్టెరాన్ ఎంతుందో కొలవాలి. మనకు ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎలాగో ఎలుకలకు ఇది అలాగ. మెదడు పంపే ఒత్తిడి సంకేతాన్ని పిట్యూటరీ గ్రంథి అందుకోవాలంటే ఈ జన్యువు కావాలి. అది లేకపోతే ఒత్తిడిలో హార్మోన్ సరిగా పెరగదని 1998లోనే రెండు బృందాలు విడివిడిగా చూపించాయి.

ఎథిక్స్ కమిటీ అనుమతి, ఏ పిల్లలో జన్యువు ఉందో తేల్చడానికి చెవి ముక్కతో పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష, ఇవన్నీ ఓపికతో అయిపోయే పనులు. జన్యువు ఒక కాపీ మాత్రమే పోయిన జంటలను కలిపితే దాదాపు నాలుగో వంతు పిల్లలకు రెండు కాపీలూ ఉండవు. పోల్చి చూడటానికి అదే కాన్పులో పుట్టిన మామూలు పిల్లలను తీసుకున్నాం. వేరేచోట పెరిగిన వాటితో పోలిస్తే ఆ తేడాకు అర్థం ఉండదు.

అసలు టెన్షన్ విశ్రాంతి స్థాయి కొలవడంలోనే. పంజరం కదిపాక మూడు నిమిషాల్లోపే రక్తం తీయాలి. ఆలస్యమైతే మన చేయి చూసి పడిన భయమే అంకెలో కనిపిస్తుంది. రాత్రి తిరిగే ప్రాణి కాబట్టి హార్మోన్ పొద్దున తక్కువ, చీకటి పడేముందు ఎక్కువ. అందుకే గదిలో లైట్లు వెలిగిన కాసేపటికే పని మొదలుపెట్టేవాళ్లం.

అయినా మొదటి విడతలో మామూలు ఎలుకల అంకెలు చెల్లాచెదురుగా వచ్చాయి. ఆరా తీస్తే, ఆ పొద్దునే పంజరాలు శుభ్రం చేశారని తేలింది. ఎలుకకు తన వాసన లేని గూడంటే చిన్న విషయం కాదు. తర్వాత రక్తం తీసే రోజుల్లో శుభ్రం చేయడం ఆపించాం. తోక పట్టి ఎత్తితే ఎలుకలు బెదురుతాయని, గొట్టంలోకి రానిచ్చి ఎత్తితే ఆ బెదురు తగ్గుతుందని 2010లో ఒక అధ్యయనం వచ్చింది. మేమూ గొట్టాలే వాడాం. ఎలుకల ప్రాణానికీ అది మంచిదే, నా లెక్కలకూ మంచిదే.

రెండో విడతలో అంకెలు కుదురుగా వచ్చాయి. మేం వాడిన ఎలీసాలో, అంటే రంగును బట్టి హార్మోన్ కొలిచే పరీక్షలో, హార్మోన్ ఎక్కువైతే రంగు తగ్గుతుంది. ఒత్తిడి కలిగించడానికి అరగంట కదలనివ్వకుండా ఉంచాక తీసిన మామూలు ఎలుకల నమూనాలు వెలవెలబోయాయి, జన్యువు లేనివి మాత్రం పసుపుగానే ఉన్నాయి. కార్టికోస్టెరాన్ తయారుచేసేది అడ్రినల్ గ్రంథి, దానికి పిట్యూటరీ పంపే హార్మోన్ ఏసీటీహెచ్. ఇప్పుడు అవే నమూనాల్లో దాన్నీ కొలుస్తున్నాం. లోపం పిట్యూటరీ దగ్గరే ఆగిందా, అడ్రినల్ కూడా బలహీనపడిందా అన్నది కార్టికోస్టెరాన్ ఒక్కదాన్ని బట్టి తెలియదు.