పక్కింటి బిన్‌లో మన కవర్

ఇవాళ చెత్త బండి వచ్చే రోజు. పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది, ఖాళీ బిన్ లోపలికి లాక్కొద్దామని గేటు బయటకెళ్ళి మూత తీసి చూస్తే అడుగున ఒక కవర్. మాది కాదు. బండి అలా వెళ్ళగానే ఎవరో ఇలా పడేసి పోయినట్టున్నారు. అంత పైనుంచి పడేసరికి కవర్ అడుగున చిరిగి, గోధుమ రంగు నీళ్ళు కారి బిన్ మూలల్లోకి చేరాయి, అప్పటికే ఈగలు మూత అంచు మీద ముసురుతున్నాయి.

కోపం వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది. పైపు పెట్టి కడుగుతున్నంతసేపూ ఒకటే ఆలోచన, ఇదే కవర్ నిన్న రాత్రి వేసుంటే నాకు తెలిసేది కూడా కాదు కదా, పొద్దున్నే బండితో పాటు వెళ్ళిపోయేది. బండి వెళ్ళాక వేశారు కాబట్టి మళ్ళీ బండి వచ్చేదాకా వారం పాటు మా గుమ్మం ముందే కుళ్ళుతూ ఉంటుంది. వేసినవాళ్ళకి రెండూ ఒకటే, చేతిలో బరువు దిగిపోతుంది. తేడా అంతా బిన్ ఎవరిదో వాళ్ళకే.

వారం అంటే తక్కువేం కాదు. ఈగ ఒక్క విడతలో వంద దాకా గుడ్లు పెడుతుంది, వేడిగా ఉన్న రోజుల్లో అవి ఒక్కరోజు తిరక్కముందే పురుగులవుతాయి, 7 నుంచి 10 రోజుల్లో ఆ పురుగులు మళ్ళీ ఈగలై లేస్తాయి. అంటే బండి రావడం ఒక్క రోజు ఆలస్యమైనా మన బిన్‌లోనే ఒక తరం ఈగలు తయారైపోతాయన్నమాట. పైగా కవర్లో ముడేసిన తడి చెత్తకి గాలి ఆడదు, గాలి ఆడకుండా కుళ్ళినదానికి వచ్చే కంపు వేరు, అది బిన్ ప్లాస్టిక్‌కి పట్టిందంటే మామూలుగా కడిగితే పోదు, వేడినీళ్ళూ సబ్బూ పోసి రుద్ది, బోర్లించి ఎండలో పెడితే గానీ వదలదు.

దీనికి పూర్తి వ్యతిరేకం నిన్న సాయంత్రం జరిగింది, అందుకే ఇవాళ్టిది ఇంకా గుచ్చుకుంది. పక్కింటి అక్క వాళ్ళింటికి చుట్టాలొచ్చి వెళ్ళారు, వాళ్ళ బిన్ మూత పడనంత నిండిపోయింది. గోడ దగ్గరికొచ్చి, "రేపు బండి కదా, మీ బిన్‌లో ఏమైనా చోటుంటుందా, ఒక్క కవరే, పొడి చెత్తే, మీకేదైనా వేసేదుంటే మీది వేసుకున్నాకే చూద్దాంలే" అంది. అయ్యో అక్కా, వేసేయండి, ఖాళీగానే ఉంది అన్నాను. అట్టపెట్టెలన్నీ విప్పి చదును చేసి, తాడుతో కట్టి తెచ్చింది. తనే మూత తీసి, నిలువుగా ఒక పక్కకి దోపి, మూత సరిగ్గా పడిందో లేదో నొక్కి చూసి మరీ వెళ్ళింది. చిన్న విషయమే, కానీ నాకు చాలా బాగా అనిపించింది, ఎందుకంటే తను అడిగిన దాంట్లోనే అన్నీ ఉన్నాయి. ఎప్పుడు తీస్తారు, ఏం చెత్త, ఎంత, ముందు ఎవరిది. ఇంతకుమించి ఎవరైనా ఏం అడగాలి?

అడగడం ఎందుకు, ఖాళీగా ఉన్న చోటే కదా, పోయేదేముంది అనేవాళ్ళున్నారు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. బిన్‌లో ఖాళీ అంటే ఊరికే పడున్న చోటు కాదు, ఆ ఇంటివాళ్ళకి ఇంకా రావాల్సిన చెత్త కోసం ఉన్న చోటు. వారం మొదట్లో సగం ఖాళీగా కనిపించిన బిన్ చివరి రోజుకి నిండుతుంది, చంటిపిల్లలున్న ఇంట్లో అయితే డైపర్లతోనే నిండుతుంది. మనం వేసిన కవర్ వల్ల వాళ్ళ మూత పడకపోతే, మూత తెరిచి ఉన్న బిన్‌ని మేం తీసుకోం అని వదిలేసి వెళ్ళే చోట్లు చాలా ఉన్నాయి. అప్పుడు వాళ్ళ చెత్త మొత్తం ఇంకో వారం ఆగిపోతుంది, మన ఒక్క కవర్ కోసం.

ఇంకో సంగతి, బిన్ మీద ఇంటి నంబర్ ఉంటుంది. లోపల ఏం దొరికినా ఆ నంబర్ వాళ్ళదే తప్పు అవుతుంది. కాగితాలు, సీసాలు వేసే రీసైక్లింగ్ బిన్‌లో ఎవరో నూనె కారే తిండి డబ్బా వేశారనుకోండి, ఆ నూనె పీల్చుకున్న కాగితం ఇక రీసైక్లింగ్‌కి పనికిరాదు, కొన్నిసార్లు బిన్ మొత్తాన్నే వద్దని పక్కన పెట్టేస్తారు. చీటీ అంటించేది మాత్రం బిన్ ఓనర్‌కి. పారిస్‌లో 1883లో యూజీన్ పూబెల్ అనే అధికారి ఇళ్ళ ఓనర్లే మూతలున్న చెత్త డబ్బాలు పెట్టాలి, అద్దెకున్నవాళ్ళంతా వాటిలోనే వేయాలి అని ఆర్డర్ వేశాడు, అందులో కూడా చెత్తని మూడు రకాలుగా విడదీయమన్నాడు. అంటే పదిమంది వేసే డబ్బా అయినా జవాబు చెప్పాల్సింది ఒకళ్ళే అన్న ఏర్పాటు అప్పట్నించీ ఉంది. ఆ ఒక్కళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు వాళ్ళని ఒక్క మాట అడగడానికి మనకేం కష్టం?

కుక్కని తిప్పేవాళ్ళ చిన్న కవర్ల గురించి కూడా చెప్పాలి. రోడ్డు మీద వదిలేయకుండా ఎత్తుతున్నారు, అది నిజంగా మంచి పని, మెచ్చుకోవాల్సిందే. కానీ ఖాళీ బిన్‌లో పడేస్తే ఆ చిన్న కవర్ అడుగుకి అతుక్కుపోతుంది, చేత్తో కవర్లు తీసే చోట పెద్దవి తీసుకుని ఇది వదిలేస్తారు, చివరికి ఓనర్ వంగి చెయ్యి పెట్టి తీయాల్సిందే. ఇంటిదాకా తీసుకెళ్ళి వాళ్ళ బిన్‌లోనే వేసుకుంటే సరిపోతుంది.

బిన్ ఉన్నవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మర్యాద ఉంది. చోటుండీ, వచ్చి అడిగితే, మొహం చిట్లించకుండా ఇవ్వాలి. లేకపోతే ఈసారి కుదరదండీ, మాకే ఎక్కువుంది అని సూటిగా చెప్పేస్తే వాళ్ళూ ఏమీ అనుకోరు. సరే అనేసి తర్వాత నలుగురి దగ్గర గొణిగితే అదే పెద్ద గొడవవుతుంది. బండి వెళ్ళాక బిన్లు అటూ ఇటూ మారిపోతే నంబర్ చూసి ఎవరిది వాళ్ళ గేటు ముందు పెట్టడం, పెద్దవాళ్ళున్న ఇంటి బిన్ మనమే లోపలికి తోసి రావడం, ఇవి చేసేవాళ్ళున్న వీధిలో కవర్ల గురించి తగాదాలు రావడం నేను చూడలేదు.

మధ్యాహ్నం ఎదురింటి కుర్రాడు పాత ఫోన్ బ్యాటరీ ఒకటి పట్టుకుని, "ఆంటీ, మా బిన్ లోపల పెట్టేశాను, ఇది మీ దాంట్లో వేసెయ్యనా" అన్నాడు. అడిగాడు కాబట్టి బతికిపోయాం. వద్దు నాన్నా, నా దాంట్లో కాదు, మీ దాంట్లోనూ కాదు అని కూర్చోబెట్టి చెప్పాను. బండిలో చెత్తని నొక్కుతారు కదా, ఆ నొక్కుడికి లిథియం బ్యాటరీ నలిగితే లోపల షార్ట్ అయ్యి మంట లేస్తుంది, చుట్టూ ఉన్నదంతా కాగితాలూ ప్లాస్టిక్కే, బండిలో ఉండేది మనుషులు. వాడు నిజంగానే భయపడ్డాడు, బ్యాటరీ చివర్లకి టేప్ అంటించి పక్కన పెట్టుకున్నాడు, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే చోట ఇచ్చేస్తానన్నాడు. పగిలిన గాజు కూడా అంతే, మందంగా కాగితం చుట్టి, పైన గాజు అని రాసి వేయాలి, మన బిన్ అయినా సరే. ఆ కవర్ ఎత్తే చెయ్యి ఎవరిదో మనకి కనపడదు గానీ చెయ్యి అయితే ఉంటుంది.

రాత్రి భోజనాలయ్యాక పక్కింటి అక్క మళ్ళీ పిలిచింది. వచ్చే వారం వాళ్ళు ఇంట్లో ఉండరట. "మా బిన్ ఖాళీగానే ఉంటుంది, నువ్వు వాడుకో, కాకపోతే తడి చెత్త మాత్రం బండి వచ్చే ముందు రాత్రే వెయ్యి, మేం లేనప్పుడు కంపు కొడితే అటుపక్కవాళ్ళు పాపం" అంది. తప్పకుండా అక్కా, బయట పెట్టడం, మళ్ళీ లోపలికి లాగడం రెండూ నేనే చూసుకుంటాను, మీరు నిశ్చింతగా వెళ్ళిరండి అన్నాను. గేటు తాళం ఒకటి నా దగ్గర ఉంచి వెళ్తానంది.