ఆ ఫొటో మళ్లీ పెట్టాడు

మా పక్షి ప్రేమికుల గ్రూపులో పెట్టిన కాసేపటికే ఫొటో తీసేశాడు ఓ కుర్రాడు. కోరింగ మడ అడవిలో ఫోన్‌తో తీసిన లకుముకి పిట్ట. కింద "మా కాలువ గట్టు మీద ఉండేదే" అని రాశాడు. వెంటనే "ఈ మాత్రం తెలీదా?" అని మెసేజ్. దానికి నవ్వే బొమ్మలు.

నాకు మనసు చివుక్కుమంది. గ్రూపులో ఏమీ అనకుండా, ఆ మెసేజ్ పెట్టిన మాస్టారికి విడిగా ఫోన్ చేశాను. "తేడా మీరే చెప్పండి మాస్టారూ, మీ మాటంటే పిల్లలకి గురి" అన్నాను. ఆయన కూడా నొచ్చుకున్నారు.

సాయంత్రానికి ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. "గట్టు మీద పిట్టకి తల చాక్లెట్ రంగు, గొంతు తెలుపు. నీదానికి తల నలుపు, మెడ చుట్టూ తెల్ల పట్టీ, పొట్ట నారింజ. మంచి పిట్టే దొరికిందయ్యా, మళ్లీ పెట్టు."

పెట్టాడు!

మా గ్రూపులో గట్టి రూల్ ఒక్కటే: గూడు ఫొటో, లొకేషన్ పెట్టకూడదు. ఎవరు పెట్టినా తీసేస్తాం, ఎందుకో ఫోన్ చేసి చెబుతాం. జనం ఎగబడితే తల్లి గూడు వదిలేస్తుంది, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. జనం తాము చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్ కూడా ముప్పున్న కొన్ని పక్షుల చోటు బయటపెట్టదు. గుడ్ మార్నింగ్ మెసేజ్‌లంటారా, చూసీచూడనట్టు పోతాం.

జనవరిలో నీటిపక్షుల లెక్కకి వస్తానంటున్నాడు కుర్రాడు. ఎవరి దగ్గరైనా బైనాక్యులర్స్ అదనంగా ఉంటే చెప్పండి, అతనికి కావాలి.