చెవిలో బూజు

నా కుడి చెవిలో బూజు పట్టింది. మొదట దురద, తర్వాత చెవి దిబ్బడేసి మాట సగమే వినపడటం. నొప్పికన్నా దురదే ఎక్కువగా ఉంటే ముందు అనుమానించాల్సింది బూజునే. తిరుపతి ఎండకు చెమట, తోడుగా కపిలతీర్థం జలపాతం కింద స్నానం, ఆపైన దురద తీరడానికి బడ్స్. బూజుకు ఇంకేం కావాలి!

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా పెద్దవాళ్లకు సుమారు 2.5 సెంటీమీటర్లు, అదీ కాస్త వంకర. గుబిలి తయారయ్యేది బయటి మూడో వంతులోనే. చర్మానికి తడి అంటనివ్వనిది అదే. బడ్ దాన్ని కొంత తుడిచేస్తుంది, మిగతాది లోపలికి నెడుతుంది.

ఈఎన్‌టీ డాక్టరు మైక్రోస్కోపులో చూస్తూ సక్షన్‌తో లాగితే, తడిసిన కాగితం మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కల ముద్ద బయటికొచ్చింది. అది తీయకుండా మందు వేస్తే పైపైనే ఆగిపోతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ చుక్కలు ఇక్కడ చేటే: బ్యాక్టీరియా చచ్చి బూజుకు పోటీ లేకుండా పోతుంది. వెల్లుల్లి కాచిన నూనె సంగతి చెప్పనక్కర్లేదు.

నాకు రాసింది బూజును చంపే క్లోట్రిమజోల్ 1 శాతం, మూడు పూటలా నాలుగేసి చుక్కలు. "సీసా కాసేపు గుప్పిట్లో పెట్టుకోండన్నా, చల్లగా వేస్తే కళ్లు తిరుగుతాయి" అన్నారు సిస్టర్. చల్లదనానికి లోపలి చెవిలో ఒంటి తూకం చూసే నాళంలోని ద్రవం కదులుతుంది, ఆ తిప్పు దానివల్లే. పక్కకు పడుకుని చెవి డొప్పను పైకి, వెనక్కి లాగాలి. మూడేళ్లలోపు పిల్లలకైతే కిందికి, వెనక్కి. చుక్క గోడ వెంబడి జారాలి, నేరుగా పడితే గాలి బుడగ అడ్డుపడుతుంది. చెవి ముందున్న చిన్న మిట్టను నాలుగైదుసార్లు నొక్కి, ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. మందు రుచి గొంతులో తగిలితే కర్ణభేరికి చిల్లు ఉందేమోనని అనుమానించి, ఆపేసి డాక్టరుకు చూపించాలి.

వినికిడి సక్షన్ రోజే చాలావరకు వచ్చింది. దురద మెల్లగా పోయింది. దురద పోయిందని మందు మానేస్తే బూజు మళ్లీ లేస్తుంది, సాధారణంగా రెండు మూడు వారాలు వాడాలి. తలస్నానానికి వాజలీన్ రాసిన దూది తప్పదు. చక్రస్నానం నాడు పుష్కరిణిలో మునక మానేసి నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకున్నాను.

షుగర్ ఉన్నవాళ్లకు రాత్రి నిద్ర పట్టనంత చెవిపోటు వచ్చినా, మూతి పక్కకు లాగినా ఇంట్లో కూర్చోకూడదు. ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగుతున్న గుర్తులు కావచ్చు. ఆరోజే ఆసుపత్రికి పోవాలి.